ఇద్దరికీ ఒకే కొలత

ఎమ్మారై గదిలో ఆమెది పదకొండేళ్ల ఉద్యోగం. మోకాళ్లను యంత్రంలో పెట్టించడం, కదలొద్దని చెప్పడం, బొమ్మలు తీయడం ఆమె పని. అందులో ఏముందో రాయడం డాక్టరుగారి పని. ఆయన రాసేదేముంది! పాత రిపోర్టు తెరుస్తాడు, పేరు మారుస్తాడు, చేతులు దులుపుకుంటాడు. ఏ మోకాలు వచ్చినా మెనిస్కస్, అంటే కీలులోని మెత్త, చిరిగిందనే. పై అంతస్తులో కోతల డాక్టరు ఆ కాగితం కోసమే కాచుక్కూర్చుంటాడు. ఆ మనుషులంటేనే ఆమెకు రోత.

ఈసారి బల్ల మీద పడుకున్నది సొంత బాబాయి. ముప్ఫై ఎనిమిదేళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్న దర్జీ.

బొమ్మలో ఎముకల నడుమ మెత్త నల్లగా, త్రికోణంలా కనిపించింది. దాని లోపల తెల్లటి గీత. ఆ గీత అంచును తాకితే చిరుగు, లోపలే ఆగితే వట్టి అరుగుదల. అంతమాత్రం ఆమెకూ తెలుసు. ఇది లోపలే ఆగింది. రిపోర్టు మాత్రం 'చిరుగు, ఆరు మిల్లీమీటర్లు' అంటూ వచ్చింది. మూడో రోజున ఆపరేషన్ అన్నారు.

"చిరుగే కదమ్మా, కుట్టేస్తార్లే," అని నవ్వాడు బాబాయి.

ఆమె వెళ్లి డాక్టరును అడిగింది. "సార్, గీత అంచుదాకా రాలేదేమో..."

"నువ్వు బొమ్మలు తియ్యమ్మా. చదవడం నాకొదిలెయ్," అన్నాడాయన, ఫోనులోంచి తలెత్తకుండా.

మర్నాడు యంత్రానికి మోకాలి తొడుగు కొత్తది వచ్చింది. అది పనిచేస్తోందో లేదో చూడాలని ఆమే తన కాలు పెట్టి తీయించుకుంది. నొప్పీ వాపూ ఎరగని కాలు. ఆ బొమ్మలు పొరపాటున రోగుల వరసలో కలిసిపోయాయి. గంటలో రిపోర్టు తయారు: చిరుగు, ఆరు మిల్లీమీటర్లు, ఆపరేషన్ అవసరం.

ఛీ, అనుకుంది. ఇన్నేళ్లూ నోరు మూసుకున్న తన మీద కూడా అసహ్యం వేసింది. రెండు కాగితాలూ పట్టుకుని తిన్నగా బాబాయి కొట్టుకు వెళ్లింది.

"ఇది నా మోకాలు బాబాయ్. నాకూ చిరిగిందట! నువ్వు రేపు వెళ్లకు. నీ బొమ్మలు వేరే డాక్టరుకి చూపిద్దాం."

ఆయన కళ్లజోడు సర్దుకుని, కాగితాలు రెండూ పక్కపక్కన పరిచాడు. నవ్వు పోయింది.

"ఇద్దరికీ ఒకే కొలతా? నేను కవలలకి కూడా విడివిడిగా కొలత తీస్తానే!"

తన రిపోర్టు తీసి గుడ్డపీలికల బుట్టలో పడేశాడు.

"కొలవకుండా కత్తెర పెట్టేవాడికి నా పాత చొక్కా కూడా ఇవ్వనమ్మా."