రెండో మంచం బెల్

కరోనా తగ్గి కాలేజీలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది, బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రికి చెందిన నర్సింగ్ కాలేజీలో నేను సీనియర్ ట్యూటర్‌గా పనిచేస్తున్నాను. ట్యూటర్ అంటే తరగతిలో పాఠం చెప్పి, అదే పాఠాన్ని వార్డులో విద్యార్థినుల చేత చేయించే మనిషి. నర్సుల దినోత్సవానికి సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యత నా నెత్తిన పడింది. పాటలూ డాన్సులూ అయితే వరస వేసి పంపించేదాన్ని. కానీ మూడో సంవత్సరం విద్యార్థిని హేమలత సొంతంగా నాటకం రాసుకుని వచ్చి నా ముందు నిలబడింది.

హేమ వాళ్ళు తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళు, తండ్రికి చీరల కొట్టు. ఆ పిల్ల రాసిన మొదటి నాటకం ఇదే. కథ చిన్నది. వార్డులో ఒక్కతే నర్సు. మొదటి మంచం మీద గుండె పరీక్ష చేయించుకుని వచ్చిన రోగికి, పరీక్ష కోసం తొడ రక్తనాళంలోకి పంపిన గొట్టం తీసిన చోట రక్తం కారడం మొదలవుతుంది. అలాంటప్పుడు చేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవాలి, రక్తం ఆగేవరకూ చెయ్యి తీయకూడదు. అదే సమయంలో రెండో మంచం నుంచి కాల్ బెల్ మోగుతుంది. నర్సు వెళ్ళలేకపోతుంది. బెల్ మోగుతుండగానే తెర పడుతుంది.

ఈ బెల్ సంగతి కాస్త చెప్పాలి. రోగి మీట నొక్కితే అది నర్సుల బల్ల దగ్గర మోగుతుంది. ఆపే మీట మాత్రం రోగి మంచం పక్కనే ఉంటుంది. కూర్చున్న చోటి నుంచే ఆపేసి ఊరుకోకుండా ఈ ఏర్పాటు. నర్సు మంచం దాకా నడవాలి, రోగి మొహం చూడాలి, అప్పుడు ఆపాలి. మొదటి సంవత్సరం పిల్లలకు నేను అన్నిటికన్నా ముందు నేర్పే పని ఇదే.

ముఖ్య అతిథి ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్. నర్సులందరి పైన ఆవిడ. డ్యూటీలు వేసేదీ, చదువయ్యాక మా పిల్లల్ని ఉద్యోగంలోకి తీసుకునేదీ ఆవిడే. నాటకం చదివి నన్ను పిలిపించారు. రోగి బెల్ కొట్టినా మన నర్సులు రారని పదిమందిలో చూపిస్తారా అని అడిగారు. ఒక్క స్టాఫ్ నర్సు బాధపడి లేచి వెళ్ళినా తెర దింపించేస్తానని, ఇకమీదట ఈ కాలేజీలో నాటకమన్న మాటే ఉండదని చెప్పారు. నేను చూసుకుంటానండీ అని పూచీ పడి బయటికి వచ్చాను.

రిహార్సల్స్ మా ల్యాబులో జరిగాయి. రోగుల మంచాలూ, నిజమైన కాల్ బెల్లూ అక్కడే ఉన్నాయి. నర్సు వేషం గుంటూరు వైపు నుంచి వచ్చిన రూత్‌ది. బెల్ మోగడం ఆలస్యం, నొక్కి పట్టుకున్న చెయ్యి తీసేసి రెండో మంచానికి పరుగెత్తేది. ఎన్నిసార్లు చేయించినా అదే వరస. "సారీ మేడమ్, కాళ్ళు వాటంతటవే వెళ్ళిపోతున్నాయండీ" అనేది. హేమకు ఏడుపొక్కటే తక్కువ.

"మేడమ్, మీరు నేర్పించిందే నా నాటకాన్ని చంపుతా ఉండాది" అంది.

ఆ మాట నిజమే. చివరికి మొదటి మంచంలో పడుకునే అమ్మాయి చేత దుప్పటి కింద రూత్ మణికట్టు పట్టించాం. అప్పటికి గానీ నర్సు కదలకుండా నిలవలేదు.

కార్యక్రమం రోజు ల్యాబులోని రెండు మంచాలూ, బెల్లూ స్టేజీ మీదికి చేర్చాం. హాలు నిండిపోయింది. డ్యూటీ దిగిన స్టాఫ్ నర్సులు యూనిఫాంలోనే వచ్చి కూర్చున్నారు. మలయాళీలు, కన్నడిగులు, మనవాళ్ళు అందరూ ఉన్నారు. హేమా నేనూ తెర పక్కన నిలబడ్డాం.

బెల్ మోగింది. రూత్ కదల్లేదు. బెల్ మోగుతూనే ఉంది. మూడో వరసలో ఒక నర్సు లేచి నిలబడింది. ఆమె వెనక ఇద్దరు, పక్క వరసలో ఇంకొందరు లేచారు.

"లేచి పోతా ఉండారు మేడమ్. తెర వేసేయమందామా?" అంది హేమ.

నాకూ అలాగే అనిపించింది. తెర తాడు పట్టుకున్న ఎలక్ట్రీషియన్ నా వైపు చూస్తున్నాడు. అంతలో సూపరింటెండెంటే ముందు వరసలోంచి లేచి మెట్లెక్కి స్టేజీ మీదికి రావడం కనిపించింది. అన్నంత పనీ చేయబోతున్నారనుకున్నాను. పిల్ల మొదటి నాటకం నా కళ్ళముందే నాశనమవుతోంది, నేను ఇచ్చిన మాటా పోయింది. అప్పుడు హాలు వైపు చూశాను. లేచినవాళ్ళలో ఒక్కరు కూడా తలుపు వైపు తిరిగి లేరు. అందరి చూపూ రెండో మంచం మీదే ఉంది.

సూపరింటెండెంట్ మమ్మల్ని చూడనైనా చూడకుండా దాటుకుని రెండో మంచం దగ్గరికి వెళ్ళారు. మీట నొక్కి బెల్ ఆపారు. వంగి, "ఏమ్మా, ఏం కావాలి?" అని అడిగారు.

ఆ మంచంలో పడుకున్న అమ్మాయికి నాటకంలో ఒక్క మాటా లేదు. తడబడి, "నీళ్ళు కావాలి సిస్టర్" అంది. సూపరింటెండెంట్ రూత్ వైపు తిరిగి, "నువ్వు చెయ్యి తియ్యకమ్మా" అన్నారు. నేను సైగ చేశాను, తెర పడింది. లేచినవాళ్ళు అప్పుడు కూర్చున్నారు. తరవాతి ఏడాది నాటకానికి అనుమతి అడిగితే సూపరింటెండెంట్ చదవకుండానే సంతకం పెట్టారు.

అందరూ మెచ్చుకుంటున్నా హేమ మొహం విప్పారలేదు. "ఆ రెండో మంచం మనిషికి ఏం కావల్లో నేను అనుకోనే లేదు మేడమ్. ఉట్టి బెల్లే రాసినాను" అంది. నేను కూడా అంతే. బెల్ మోగితే వెళ్ళాలని ఇన్నేళ్ళూ నేర్పాను. వెళ్ళడానికి వీల్లేనప్పుడు ఏం చేయాలో ఏ బ్యాచ్‌కూ చెప్పలేదు.

కొన్నాళ్ళకు బెంగళూరు శివార్లలో అత్తిబెలె దగ్గర మరో నర్సింగ్ కాలేజీ వాళ్ళు పిలిచి అదే నాటకం ఆడించారు. హేమ ఒక్క మాట కలిపింది. బెల్ మోగగానే రూత్ చెయ్యి తీయకుండా, తల మాత్రం తిప్పి, "వినపడిందమ్మా, వస్తాను" అంటుంది. అక్కడా హాలు నిండా నర్సులే. బెల్ తెర పడేదాకా మోగింది. ఒక్కరూ లేవలేదు. తరవాతి బ్యాచ్ నుంచి ఆ మాటను నేను కాల్ బెల్ పాఠంలో చేర్చాను. చెయ్యి ఖాళీ లేకపోతే గొంతుతో జవాబు చెప్పాలి, రోగి మనకోసం ఎదురుచూడగలిగేది అప్పుడే.