డయల్ టోన్ రాని మధ్యాహ్నం

2022 ఎండాకాలం. ఎల్బీనగర్ చుట్టుపక్కల ఇళ్లలో పాత రాగితీగ ఫోన్ లైన్లు తీసేసి ఫైబర్ కనెక్షన్లు ఇచ్చే పని మీద ఉన్నాను. రోజుకు ఏడెనిమిది ఇళ్లు పూర్తి చేయాలి. ప్రతి ఇంట్లో బిగించిన పెట్టె ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టాలి, లేకపోతే సూపర్‌వైజర్ ఊరుకోడు. అప్పటికే ఈ పనిలో ముప్పై ఏళ్లు గడిచాయి. నిచ్చెన ఎక్కాలంటే మోకాళ్లను బతిమాలుకోవాల్సి వచ్చేది.

పాత కనెక్షన్‌కు గోడ మీద చిన్న తెల్లపెట్టె ఉండేది. దాన్ని రోసెట్ అంటాం. వీధి స్తంభం నుంచి వచ్చే రెండు రాగితీగలు అందులో కలుస్తాయి. అది పీకేసి ఓఎన్‌టీ అనే కొత్త పెట్టె బిగించాలి. జనం దాన్ని మోడెం అంటారు, మేమూ అదే అంటాం. పాత ఫోన్‌కు కావలసిన కొద్దిపాటి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే తీగలో వచ్చేది. అందుకే వీధంతా చీకటైనా ఫోన్ మోగేది. ఇప్పుడు అదే ఫోన్‌ను మోడెంకు తగిలిస్తాం. మోడెం అలా కాదు, ఇంట్లో ప్లగ్గు మీద బతుకుతుంది.

ఆ రోజు ఆరో ఇల్లు యాదగిరన్నది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో ఇరవై ఏళ్లు డీసీఎం వ్యాను నడిపిన మనిషి. షుగర్ వల్ల రెండు కళ్లూ పోయాయి. భార్య సుగుణమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పగలంతా ఇంట్లో ఆయన ఒక్కడే. టచ్ ఫోన్ ఆయనకు పలక రాయితో సమానం. ల్యాండ్‌లైన్ మీద మాత్రం అయిదు అంకె మీద ఉబ్బెత్తుగా ఉండే చుక్క తడుముకుని భార్య నంబరు కొట్టేస్తాడు. షుగర్ పడిపోయి చేతులు వణికితే ఆమెకు ఫోన్ చేయాలి. ఆమె పై అంతస్తులో ఉండే, ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడకు చెబితే, ఆవిడ వచ్చి గ్లూకోజ్ కలిపిస్తుంది. వాళ్ల ఏర్పాటు అది.

నేను సామాను సర్దుకుంటుంటే యాదగిరన్న కొత్త పెట్టెను రెండు చేతులతో తడిమి చూశాడు.

"కరెంట్ పోతే ఇది పనిచేస్తదా తమ్మీ?"

"కరెంట్ పోయినా ఫోన్ పోదన్నా, బేఫికర్‌గ ఉండు," అన్నాను.

ముప్పై ఏళ్లుగా ఇంటింటికీ గర్వంగా చెప్పిన మాట. నాలుక మీదే కూర్చుని ఉండేది, అడగ్గానే దూకేసింది. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అసలు ఆలోచించి చెప్పలేదు. అప్పటికి నా మనసు ఏడో ఇంట్లో ఉంది.

పది రోజుల తర్వాత సుగుణమ్మ ఫోన్ చేసింది. హలో కూడా అనలేదు.

"ఏం పెట్టి పోయినవ్ అన్నా మా ఇంట్ల? జర లేటయితే నా మనిషి పోతుండె."

వెళ్లేసరికి యాదగిరన్న మంచం మీద ఉన్నాడు, దవాఖాన నుంచి తెచ్చి ఒక రోజయింది. జరిగింది సుగుణమ్మే చెప్పింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి హాస్టల్ వాళ్ల భోజనాలు అయ్యాక ఆమె ఇంటికి ఫోన్ చేస్తుంది. ఆ రోజు ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ఇంటావిడకు చేస్తే ఆవిడా ఎత్తలేదు. షేర్ ఆటో పట్టుకుని వచ్చి తలుపు తీస్తే, కరెంటు లేదు, ఆయన ఫోన్ పక్కన నేల మీద ఉన్నాడు. ఒళ్లంతా చెమట. రిసీవర్ ఇంకా చేతిలోనే ఉంది.

అప్పుడే ఇంటావిడ మెట్లు దిగి వచ్చింది. గుంటూరు వైపు ఆవిడ.

"నా సెల్లు చార్జింగ్ అయిపోయిందండీ. కానీ నేను పైనే ఉన్నాను. ఒక్క కేక వేస్తే పరుగెత్తుకొచ్చేదాన్ని. ఎందుకు పిలవలేదో ఎంతడిగినా చెప్పడు."

నేను గోడ వైపు తిరిగి మోడెం చూస్తున్నట్టు నటించాను. చూడటానికి అందులో ఏముంది, పెట్టె బాగానే ఉంది. తప్పు నాది. ఆ మాటే చెప్పాను. "కరెంట్ పోతే ఇది ఆగిపోతదన్నా. పాత అలవాటుల నోరు జారిన. తప్పు నాదే."

యాదగిరన్న మెల్లగా లేచి కూర్చున్నాడు.

"అంటే ఫోనే బందయిందా?"

"అవునన్నా."

"ఫ్యాన్ సప్పుడు ఒక్కసారి ఆగింది తమ్మీ. గల్లీల గూడ ఏ సప్పుడు లేదు. తల తిరుగుతుంటే ఫోన్ ఎత్తిన. చెవుల ఏం లేదు. ఫోన్ పోదని నువ్వు చెప్పినవ్ గదా, మరి పోయింది నా చెవులే అనుకున్న. కండ్లు పోయినయ్, ఇగ ఇవి గూడ పోయినయ్, ఇంక పిలిచి ఏం చెయ్యాలె అని అట్లనే పండుకున్న."

సుగుణమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఆమెకూ ఈ మాట అప్పుడే తెలిసింది. ఆమె నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఆ మనిషి తన చెవులను అనుమానించాడు గానీ, హడావిడిలో నేను అనేసిన మాటను అనుమానించలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

మర్నాడు మోడెంకు సరిపడే చిన్న బ్యాటరీ పెట్టె, మినీ యూపీఎస్ అంటారు, కొని తెచ్చి బిగించాను. పచ్చలైటు వెలిగిందని చెప్పబోయి ఆగాను. ఆ లైటు ఆయనకేం పనికొస్తుంది? మెయిన్ స్విచ్ ఆపేసి, డయల్ టోన్ వస్తున్న రిసీవర్ ఆయన చేతికే ఇచ్చాను. విన్నాడు. రెండో చెవికి మార్చుకుని మళ్లీ విన్నాడు. ఎన్ని గంటలు వస్తుందని అడిగితే, ఈసారి పెట్టె మీద రాసింది చదివి, అంతసేపు రాకపోవచ్చు కూడా అని చెప్పాను. మళ్లీ కరెంటు పోతే ఫోన్ కోసం చూడకుండా ముందు కేక వేయమని ఇంటావిడ గట్టిగా చెప్పి వెళ్లింది.

ఇప్పుడు ఏ ఇంట్లో పెట్టె బిగించినా మెయిన్ ఆపేసి, రిసీవర్ ఇంటివాళ్ల చేతికిస్తాను. టీవీ ఆగిందని కొందరు విసుక్కుంటారు. రోజుకు ఒక ఇల్లు తక్కువవుతోందని సూపర్‌వైజర్ గొణుగుతాడు. గొణగనీ. బ్యాటరీ లేని ఇంట్లో రిసీవర్ మూగగా ఉంటుంది, వాళ్లు నా మొహం చూస్తారు. కరెంటు పోతే పెట్టె ఇలాగే ఆగిపోతుంది, మీ చెవులకేం కాలేదు అంటాను. ఇదేం మాట అని నవ్వుతారు. నేను నవ్వను.