కుర్చీకి తొడిగిన చొక్కా

పొద్దున పదకొండయ్యేసరికి ఆమె రొమ్ములు రాళ్లయిపోయేవి. కుడుతున్న కాలరు ఆపి, సూపర్‌వైజర్ని బతిమాలుకుని, బాత్రూములో గోడకు చెయ్యి ఆనించి పాలన్నీ వాష్‌బేసిన్‌లోకి పిండేసుకునేది. పంపు తిప్పి కడిగేసేది. ఇంట్లో ఎనిమిది నెలల కూతురు ఆ వేళకు సీసాలో డబ్బాపాలు తాగుతూ ఉండేది. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అందరికీ జరిగేదేగా అనుకుంది. అందరికీ జరిగినంత మాత్రాన అన్యాయం న్యాయమైపోతుందా?

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఎవరి సొంత పేరూ ఎవరికీ పట్టదు. చేసే పనే పేరు. జేబులు కుట్టే ఆవిడ జేబక్క. కఫ్‌లు కుట్టే ఆవిడ కఫ్ వదిన. కాజాలు తీసే ఆవిడ కాజా పిన్ని. ఈమె కాలరమ్మ. పెళ్లికి ముందు నుంచీ కాలర్లే కుట్టింది. చొక్కా మొత్తం కుట్టమంటే తెల్లమొహం వేస్తుంది.

బాత్రూముకు వెళ్లే దారిలోనే ఒక గది. తలుపు మీద ‘పసిపిల్లల గది’ అని బోర్డు. లోపల నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు. తనిఖీకి పెద్దమనుషులు వచ్చే రోజు మాత్రం పెట్టెలు మాయమై గోడకు బొమ్మలు వేలాడేవి. వాళ్ల కారు గేటు దాటడం ఆలస్యం, బొమ్మలు బీరువాలోకి, పెట్టెలు గదిలోకి. ఎవరైనా అడిగితే మేనేజరుది ఒకటే పాట.

“పిల్లలు కూర్చునే కుర్చీలు రావాలమ్మా. కింద వదిలేస్తే ఏ సూదో నోట్లో పెట్టుకుంటారు. అవి వచ్చిన రోజే గది తెరుస్తా.”

ఆ కుర్చీలు ఎక్కణ్ణించి నడిచొస్తున్నాయోగానీ, ఎప్పటికీ దారిలోనే ఉండేవి.

ఒక సాయంత్రం పాపకు గౌను మారుస్తుంటే నడుము చుట్టూ ఎర్రగా వాత కనిపించింది.

“ఏంటత్తయ్యా ఇది?”

“ఏం చెయ్యమంటావే? నా మోకాళ్లు లేవవు, దీని మోకాళ్లు ఆగవు. పొయ్యి దాకా పాకేసింది. తువ్వాలుతో కుర్చీకి కట్టేశా.” ముసలావిడ కళ్లు తుడుచుకుంది. “నన్ను నాలుగు తిట్టవే తల్లీ, కోపమన్నా తీరుతుంది.”

కాలరమ్మ తిట్టలేదు. కుర్చీ వంక, తువ్వాలు వంక మార్చి మార్చి చూసింది. తువ్వాలు చేసే పని మెత్తటి తొడుగు చెయ్యదా? దిండుకు గలీబు తొడిగినట్టు కుర్చీ వీపుకు తొడగాలి. ముందు నుంచి ఒక గుడ్డ పాప పొట్ట మీదికి రావాలి. కాళ్లు దూర్చడానికి రెండు కంతలు, వెనక ముడేయడానికి పట్టీలు. ఇక ఆ మేనేజరు నోట్లో ఏ సాకు మిగులుతుందో చూద్దాం!

మొగుడి పాత జీన్సు ప్యాంటు కత్తెర పాలైంది. “అడగనైనా అడగవేం?” అని ఆయన గొణిగితే, “మీ కూతుర్నే అడగండి” అంది.

కానీ చేతులు కాలర్లకు అలవాటు పడ్డవాయె. కాలరు నిలబడ్డానికి వాడే గట్టి అతుకుగుడ్డ లోపల పెట్టి, మూలలు కొనదేరేలా తిరగేసి, అంచు వెంట టకటకా కుట్టేసింది. తొడుగు అట్టలా నిలబడింది. తొడలకు ఒరుసుకుని పాప గుక్కపట్టి ఏడ్చింది. అత్తగారు ఊరుకుంటుందా? “నా తువ్వాలే నయం కదే!”

మర్నాడు భోజనాల వేళ దాన్ని చూసి జేబక్క పొట్ట పట్టుకుని నవ్వింది. “ఒసేయ్, ఇది కుర్చీకి తొడుగా, చొక్కానా? గుండీలు కూడా పెట్టు, కుర్చీ ఆఫీసుకెళ్లిపోతుంది.”

నవ్వుతూనే కుట్లు విప్పింది. ముందు గుడ్డను పెద్ద జేబులా మలిచింది. కాళ్లు దూర్చే కంతలు చూసి కఫ్ వదిన, “ఇవి చేతులు కాకపోతే కాళ్లు, ఇటివ్వు” అని లాక్కుని మెత్తగా మడిచి కుట్టింది. పట్టీలు దూరడానికి కాజా పిన్ని కాజాలు తీసింది. కాలరమ్మకు మిగిలింది పై అంచొక్కటే. ఈసారి అతుకుగుడ్డ పెట్టలేదు. చివరికి దారాలు కత్తిరించే మామ్మ ఇస్త్రీపెట్టెను అందులో కూర్చోబెట్టి, నాలుగుసార్లు గుంజి చూసింది.

“తెగదు. పిల్లని తీసుకురా.”

తెచ్చింది. మర్నాడు పొద్దున చంకలో పాప, భుజాన తొడుగు. గేటు దగ్గర కాపలా అన్న అడ్డొస్తే, “లోపలున్న బోర్డు చదువన్నా, తర్వాత ఆపుదువుగాని” అని దాటేసింది. ఆడవాళ్లు ఒక మూల పెట్టెలు జరిపి, ఇనుపకుర్చీ వేసి, కింద నేలంతా చీపురుతో ఊడ్చారు. పాప తొడుగులో కూర్చుని కుర్చీ చేతి మీద దరువేసింది.

మేనేజరు ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. “కుర్చీలు ఇంకా రాలేదని చెప్పానా!”

“వచ్చింది సార్. ఇదిగో.”

“రేపు అందరూ పిల్లల్ని తెస్తే?”

“అందుకేగా ఈ గది.”

“పిల్లని పంపించెయ్. లేకపోతే నువ్వూ ఇంటికే.”

పని పోతే ఇల్లు గడవదు. అయినా కాలరమ్మ అట్టపెట్టె మీద కూర్చుని, పాపను ఒళ్లోకి తీసుకుని, కొంగు కప్పి పాలిచ్చింది.

అక్కడ కాలరు కుట్టే మిషన్ ఆగింది. కాలరు రాకపోతే చేతులు అతికేవాళ్లు ఆగాలి, వాళ్లు ఆగితే కఫ్‌లు ఆగాలి. వేరేవాళ్లను కాలరు మిషన్ మీద కూర్చోమన్నాడు సూపర్‌వైజరు. “నాకు జేబులే వచ్చు సార్” అంది జేబక్క. “నాకు కాజాలే” అంది పిన్ని. ఎవరికి వాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వరసంతా చల్లబడింది. మధ్యాహ్నం గంట కొట్టేలోపు అట్టపెట్టెలు తమంతట తాము నడిచినట్టు బయటికి పోయాయి. పెట్టించిన మేనేజరే తీయించాడు.

గది తెరుచుకుంది. పిల్లల్ని చూసుకునే ఆయాను మాత్రం ఇంకా వేయలేదు. ఆ పోరాటం నడుస్తోంది. ఈలోగా జీన్సు తొడుగులు ఇంకొన్ని తయారయ్యాయి.

చదువుతున్న మీకొక పని. మీరు పనిచేసే చోట అలాంటి బోర్డు ఉంటే, ఆగి తలుపు తోసి చూడండి. లోపల పెట్టెలుంటే ఎవరివని గట్టిగా అడగండి. బోర్డే లేకపోతే ఎందుకు లేదని అడగండి. ఒక్కరే వెళితే రేపు రమ్మంటారు. పక్కవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి. కుర్చీలు రాలేదంటారా, మీ ఇంట్లోనూ పాత ప్యాంటు ఒకటి ఉండే ఉంటుంది.