మంత్రిని తాకిన చెయ్యి

ఇంగ్లండులోని స్టోక్‌లో ఒక పబ్బు మేడ మీద, మంగళవారాలు చదరంగం ఆడుకునే చిన్న క్లబ్బు ఒకటుంది. అందులో హెడ్లీ ఆస్ట్‌బరీ కంటే బాగా ఆడేవాళ్లే అందరూ. ఆ మాట హెడ్లీయే నవ్వుతూ చెప్పుకునేవాడు. కానీ ఏటా ఆకులు రాలే రోజుల్లో క్లబ్బంతా కలిసి వేల్స్ సముద్రతీరానికి పోటీలకు పోయే ఆ శని ఆదివారాలు మాత్రం హెడ్లీవే. బస మాట్లాడేది అతనే, పేర్లు నమోదు చేయించేది అతనే, మినీబస్సు నడిపేదీ అతనే.

నడపడం అతనికి ఊపిరి తీసుకున్నంత సహజం. బతుకంతా ఆ ఊరి సిటీ బస్సు స్టీరింగు చక్రం వెనకే గడిచింది. అతని తండ్రి కుండల బట్టీల్లో పనిచేసి, దుమ్ము మింగి, దగ్గుతూ పోయాడు. "బట్టీ దగ్గరికి మాత్రం పోకురా" అన్న తండ్రి మాట పట్టుకుని హెడ్లీ బస్సెక్కాడు. చదరంగంలోకి లాగింది క్లెమ్ రోడెన్. ఇద్దరూ ఒకే బడి, ఒకే వీధి. క్లెమ్ బ్యాంకులో గుమాస్తా అయ్యాడు, తర్వాత క్లబ్బుకి కార్యదర్శి అయ్యాడు. ఒకరోజు హెడ్లీ బస్సెక్కి, "సాయంత్రాలు గోడలు చూస్తూ కూర్చునే బదులు మేడ మీదికి రారాదూ" అన్నాడు. హెడ్లీ వెళ్లాడు. ఇక మానలేదు.

హెడ్లీకి క్రిస్మస్ కంటే వేల్స్ టూరే పెద్ద పండుగ. భార్య మేవిస్ కూడా వచ్చేది. ఆమెకు ఆట తెలియదు. ఆ బస నడిపే ఎలూనెడ్ అనే ఆవిడతో కూర్చుని ఊలు అల్లుకుంటూ కబుర్లు చెప్పేది. ఒక ఏడు సరదాకి గొర్రె చెవులున్న ఊలు టోపీ ఒకటి అల్లింది. శనివారం అందరికంటే తొందరగా ఓడినవాళ్లు రాత్రి భోజనానికి ఆ టోపీ పెట్టుకుని కూర్చోవాలి. చాలా ఏళ్లు అది హెడ్లీ నెత్తినే ఉండేది. మేవిస్ పోయిన తర్వాత కూడా టోపీ ఆగలేదు, టూరూ ఆగలేదు. ఆమె లేని మొదటి ఏడు వాళ్లంతా పబ్బులో ఆమె పేరు మీద గ్లాసులెత్తితే, హెడ్లీ బయటికి పోయి సముద్రం గోడకి ఆనుకుని ఏడ్చాడు. క్లెమ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. అంత మంచి స్నేహితుడు లోకంలో లేడని హెడ్లీ ఆ రోజు అనుకున్నాడు.

తర్వాత రెండేళ్లకి అతని కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ కప్పు సాసరు మీద టకటకమని కొట్టుకునేది. వసంతంలో పరీక్షలు చేసి డాక్టరు పార్కిన్సన్స్ అని చెప్పాడు. లైసెన్సు ఇచ్చే ఆఫీసుకి ఈ సంగతి వెంటనే తెలియజేయాలని కూడా చెప్పాడు. ఆ రోజు ఆసుపత్రికి తోడు వచ్చింది క్లెమ్ ఒక్కడే. తిరిగొచ్చేటప్పుడు ఓట్‌కేకులనే ఓట్స్ అట్ల దుకాణం ముందు ఆగారు. క్లెమ్ రెండు జున్ను ఓట్‌కేకులు కొనుక్కొచ్చి ఒకటి అతని చేతిలో పెట్టాడు.

"తెలియజేస్తే లైసెన్సు పోతుంది కదరా" అన్నాడు హెడ్లీ.

"పోతే పోనీ. కానీ ఇప్పుడే ఎందుకు?" అన్నాడు క్లెమ్ నములుతూ. "ఈ టూరు ఒక్కటీ కానీ. నువ్వు నడపకపోతే ఎవరు నడుపుతారు? నడిపేవాడు మధ్యాహ్నం గ్లాసు ముట్టుకోకూడదు. మనవాళ్లలో అలాంటి సన్యాసి ఎవడున్నాడు చెప్పు?"

"చెయ్యి ఇలా ఉంటే..."

"చక్రం పట్టుకుంటే నీ చెయ్యి వణకదు. నేను చూశాగా. ఎవరికీ చెప్పకు. ఇది మనిద్దరి మధ్యే ఉంటుంది."

క్లెమ్ చెప్పింది అబద్ధం కాదు. దేన్నైనా గట్టిగా పట్టుకుంటే వణుకు తగ్గేది. ఖాళీగా ఉన్నప్పుడే చెయ్యి తన మాట వినేది కాదు. డాక్టరు మాట దాటడం తప్పని హెడ్లీకి తెలుసు. తెలిసీ సరే అన్నాడు. అలా అనమనే మనిషి ఒకడు దొరికినందుకు మనసులో సంతోషించాడు కూడా.

ఆకులు రాలే రోజులొచ్చాక, ఒక శుక్రవారం మధ్యాహ్నం టూరుకి బయలుదేరారు. వాన సన్నగా పడుతోంది. వెనక సీట్లో బెరిల్ టాంకిన్, బడిలో పిల్లలకి అన్నం వడ్డించి రిటైరైన మనిషి, సీసా మూత తీస్తూ అరిచింది.

"హెడ్లీ నాయనా, కొంచెం తొక్కు! మనం అక్కడికి చేరేసరికి వేల్స్ వాళ్లు పబ్బు తాగేసి తాళం పెట్టేస్తారు!"

"మీరు తాగేది ఇక్కడే అయిపోతుందిలే. అక్కడ నీళ్లు చాలు" అన్నాడు హెడ్లీ. బస్సంతా నవ్వింది. చక్రం మీద అతని చేతులు రాళ్లలా నిలిచాయి.

ఆ ఏడు ఏ దేవత పూనిందో, హెడ్లీ గెలవడం మొదలుపెట్టాడు. చివరి తరగతి పోటీయే, నిజమే. అయినా శుక్రవారం సాయంత్రం గెలిచాడు. శనివారం ఆడినవీ గెలిచాడు. గొర్రె టోపీ బెరిల్ నెత్తికెక్కింది.

"ఇన్నేళ్లూ నీ బుర్రకి చలి పుట్టకుండా కాపాడింది, ఈ టోపీ" అంది బెరిల్, చెవులు సర్దుకుంటూ. "తీసేసరికి తెలివి బయటికొచ్చింది చూడు."

ఎలూనెడ్ ఎండుద్రాక్ష రొట్టె ముక్క వెన్న దట్టంగా రాసి అతని పళ్లెంలో వేసింది. "మేవిస్ గారుంటే ఎంత మురిసిపోయేవారో హెడ్లీ గారూ" అంది. హెడ్లీ తలవంచుకుని రొట్టె తిన్నాడు. మనసు నిండిపోయింది. ఎడమచేత్తో తింటున్నాడని ఎవరూ గమనించలేదు. బల్లకి అటువైపు క్లెమ్ కూడా గెలుస్తూనే వచ్చాడు. కానీ అతను ఆ రాత్రి నవ్వింది తక్కువ.

ఆదివారం చివరి ఆటకి జంటల కాగితం గోడకి అంటించారు. మొదటి బల్ల దగ్గర ఆస్ట్‌బరీ, రోడెన్. ఇద్దరివీ సమానమైన గెలుపులు. గెలిచినవాడిదే కప్పు.

క్లబ్బులో ఒక అలవాటుంది. పరాయి ఊళ్లో తమలో తాము తలపడాల్సి వస్తే నాలుగు ఎత్తులు వేసి, చేతులు కలిపి, సమం చేసుకుని పబ్బుకి పోవడం. హెడ్లీ నవ్వుతూ క్లెమ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏరా, నాలుగెత్తులేసి లేద్దామా? కప్పు చెరో ఆర్నెల్లు పెట్టుకుందాం."

క్లెమ్ కాగితం మీంచి చూపు తిప్పలేదు. "ఈసారి ఆడదాం" అన్నాడు.

"అలాగే. ఆడదాం" అన్నాడు హెడ్లీ. కొంచెం చివుక్కుమంది. అయినా, స్నేహితుడు తనని ఆటగాడిగా లెక్కపెట్టాడు కదా అని సర్దుకున్నాడు.

ఆట బాగా సాగింది. హెడ్లీ తన జన్మలో అంత జాగ్రత్తగా ఆడలేదు. మధ్యాహ్నం దాటేసరికి అతనికి ఒక గుర్రం ఎక్కువ ఉంది. క్లెమ్ మెడ ఎర్రబడింది. హెడ్లీ మంత్రి తన రాజుకి కాపలాగా వెనక వరసలో నిలబడి ఉంది. దాన్ని అక్కడే ఉంచి, పక్కనున్న ఏనుగును ముందుకి తోస్తే చాలు, క్లెమ్ దగ్గర జవాబు లేదు. హెడ్లీకి అది స్పష్టంగా కనబడింది. ఏనుగు కోసం చెయ్యి చాచాడు.

ఉద్వేగానికి చెయ్యి ఒక్కసారిగా ఎగిరిపడింది. గాల్లో పక్కకి తూలి, మంత్రి మీద పడింది. వేళ్లు దాన్ని పట్టుకున్నాయి. పడిపోబోయే మనిషి కనబడిన కొమ్మని పట్టుకున్నట్టు.

హెడ్లీ వెంటనే వదిలేశాడు. క్షమించమన్నట్టు తలూపి మళ్లీ ఏనుగు వైపు చెయ్యి పోనిచ్చాడు.

క్లెమ్ గడియారం ఆపేశాడు. చెయ్యి పైకెత్తి, పోటీ నడిపించే ఆర్బిటర్‌ని పిలిచాడు.

"మంత్రిని ముట్టుకున్నాడు. మంత్రినే ఆడాలి" అన్నాడు.

హెడ్లీకి మొదట అర్థం కాలేదు. క్లెమ్ తమాషా చేస్తున్నాడనుకున్నాడు. చుట్టుపక్కల బల్లల వాళ్లు తలలెత్తారు. తన ఆట ముగించుకున్న బెరిల్ వెనక నిలబడి ఉంది.

ఆర్బిటర్ మెత్తని మనిషి. వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "పొరపాటున చెయ్యి తగిలిందాండీ? కావాలని పట్టుకోకపోతే లెక్కలోకి రాదు. చేతికేమైనా ఇబ్బంది ఉంటే చెప్పండి. అదేం తప్పు కాదు."

హెడ్లీ క్లెమ్ వైపు చూశాడు. చెప్పగలిగిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. ఒక్క మాట చాలు.

క్లెమ్ బల్లనే చూస్తూ అన్నాడు. "ఇబ్బందేమీ లేదండీ, నాకు తెలిసి. మొన్న వానలో మమ్మల్నందరినీ ఇంత దూరం బస్సు నడిపి తెచ్చింది ఈ చెయ్యే."

హెడ్లీ ఆర్బిటర్ వైపు తిరిగాడు. ఇబ్బంది ఉందని చెబితే, తనకి జబ్బుందని, తెలిసీ ఇంతమందిని బస్సులో కూర్చోబెట్టుకుని నడిపానని, బెరిల్ ముందు, అందరి ముందు ఒప్పుకున్నట్టే. లేదంటే మంత్రి కదలాలి. మంత్రి కదిలితే రాజు చస్తాడు. క్లెమ్ ఇదంతా లెక్కేసుకునే ఆ మాట అన్నాడని అప్పుడు తెలిసింది.

"ఇబ్బందేమీ లేదు" అన్నాడు హెడ్లీ.

"అయితే మంత్రినే కదపాలండీ. ఏమీ అనుకోకండి" అన్నాడు ఆర్బిటర్.

హెడ్లీ మంత్రిని ఒక గడి జరిపాడు. క్లెమ్ ఏనుగు వెనక వరసలోకి దిగింది. రాజుకి తప్పించుకునే దారి లేదు. క్లెమ్ చెయ్యి చాచాడు. హెడ్లీ ఆ చేతిని తాకాడు, అంతే.

బహుమతుల దగ్గర క్లెమ్ కప్పు అందుకుని వేల్స్ వాళ్ల ఆతిథ్యాన్ని పొగుడుతూ నాలుగు ముక్కలు మాట్లాడాడు. హెడ్లీ కూడా చప్పట్లు కొట్టాడు. చప్పట్లు కొట్టేటప్పుడు వణుకు కనబడదు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. అందరూ పెట్టెలు బస్సులో పెడుతుంటే హెడ్లీ తాళాలు తీసి తలుపు దగ్గరికి వెళ్లాడు. క్లెమ్ అడ్డొచ్చాడు.

"తాళాలిటివ్వు హెడ్లీ. నేను నడుపుతాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? నీ చెయ్యి చూసుకో. పార్కిన్సన్స్ అని వసంతంలోనే చెప్పారు కదా. ఇంతమంది ప్రాణాలతో ఆడుకోలేం."

అందరూ ఉన్నచోటే ఆగిపోయారు. సముద్రపు కాకులు అరుస్తున్నాయి. బెరిల్ పెట్టె కింద పెట్టింది.

"ఏమిటీ? ఇందాక ఇబ్బందేమీ లేదన్నావుగా క్లెమ్? నేను వెనకే ఉన్నాను. నా చెవులారా విన్నాను."

క్లెమ్ తొణకలేదు. "అది ఆట. ఇది ప్రాణం" అన్నాడు.

"సిగ్గుండాలి" అంది బెరిల్. తర్వాత హెడ్లీ వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. "నువ్వు మాత్రం? చెప్పకుండా నడిపావా నాయనా? నాకు మనవలున్నారు."

క్లెమ్ ఆపింది తప్పని హెడ్లీ అనలేడు. దాచమన్నది ఇతనేనని అరిచి చెప్పొచ్చు. కానీ దాచింది తను. తాళాలు క్లెమ్ చేతిలో వేశాడు.

దారి పొడవునా వెనక సీట్లో కూర్చున్నాడు. అన్నేళ్లలో ఆ బస్సులో వెనక కూర్చోవడం అదే మొదటిసారి. బెరిల్ సీసా మూత తీయలేదు. ఎవరూ పాడలేదు. క్లెమ్ ప్రతి మలుపులోనూ బ్రేకు ఆలస్యంగా తొక్కాడు. హెడ్లీ కాలు ఖాళీ నేలని తొక్కుతూనే ఉంది.

ఆ వారమే అతను లైసెన్సు ఆఫీసుకి సంగతి తెలియజేశాడు. మంగళవారాలు మానేశాడు. కప్పుని పబ్బు మేడ మీద అద్దాల బీరువాలో పెట్టారని విన్నాడు. తర్వాతి ఏడు బెరిల్ ఇంటికొచ్చింది.

"రైల్లో పోతున్నాం. నువ్వూ రా. వాడి పక్కన కూర్చోనక్కర్లేదు, నా పక్కన కూర్చో."

"బస మాట్లాడేదెవరు?"

"క్లెమ్ చూస్తానన్నాడు."

"అయితే చూడనీ" అన్నాడు హెడ్లీ. టీ పోశాడు, సగం బల్ల మీద ఒలికింది. బెరిల్ గుడ్డ తీసుకుని తుడవబోతే వద్దన్నాడు.

క్లెమ్ బస సరిగా చూడలేదు. ఎలూనెడ్‌కి ముందుగా చెప్పకపోవడంతో గదులు దొరకలేదు. సముద్రానికి దూరంగా, చెమ్మ వాసన కొట్టే లాడ్జిలో పడుకున్నారు. పేర్ల నమోదు ఆలస్యమైంది. మరుసటి ఏడు సగం మంది రామన్నారు. ఆ పై ఏడు టూరే లేదు. బెరిల్ వచ్చి ఈ కబురు చెప్పినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. హెడ్లీ అయ్యో అన్నాడు. ఆమె వెళ్లిపోయాక కుర్చీలో కూర్చుని చాలాసేపు సంతోషించాడు. అది మేవిస్ ఊలు అల్లిన టూరు, తన చేతులతో నడిపిన టూరు. అది చచ్చిపోతే సంతోషించే మనిషినయ్యానా అని తనని తానే అడిగాడు. అయ్యానని తెలిసింది. అయినా సంతోషం తగ్గలేదు.

ఒక శీతాకాలపు ఉదయం అతను ఆసుపత్రికి సిటీ బస్సులో పోతున్నాడు. వృద్ధుల పాసు మీద, కిటికీ పక్కన. తను నడిపిన మార్గమే. చర్చి దగ్గర స్టాపులో క్లెమ్ ఎక్కాడు. చిక్కిపోయాడు, చేతికర్ర పట్టుకున్నాడు. లోపలికి చూశాడు. హెడ్లీ పక్క సీటు ఖాళీగా ఉంది. బస్సులో ఇంకెక్కడా ఖాళీ లేదు.

క్లెమ్ కాసేపు తటపటాయించి, ముందున్న కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. బస్సు కుదుపులకి తూలుతున్నాడు. డ్రైవరు అద్దంలో చూసి, "వెనక సీటుంది పెద్దాయనా, కూర్చోండి" అని కేకేశాడు.

"ఫర్వాలేదు బాబూ, దగ్గరే" అన్నాడు క్లెమ్.

దగ్గర కాదు. ఆ దారిలో ఎన్ని స్టాపులున్నాయో హెడ్లీకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఒక్క మాటంటే చాలు, వచ్చి కూర్చునేవాడు. హెడ్లీ ఒళ్లోని సంచి తీసి పక్క సీటు మీద పెట్టాడు. కిటికీ వైపు తిరిగి, మంచు పట్టిన అద్దంలోంచి వీధిని చూస్తూ కూర్చున్నాడు.