గరుడ తన్నిన చొక్కా

పిఠాపురంలో శివుడు కోడి రూపంలో వెలిశాడు. పక్షుల మీద బతికే నాబోటివాడు ఒట్టు పెట్టుకోవడానికి అంతకంటే తగిన దేవుడు లేడు. ఆ కుక్కుటేశ్వరస్వామి సాక్షిగా, గోదావరి రేవులో మునిగి తడిబట్టలతో చెప్పమన్నా చెబుతాను: ఇక్కడ రాసేదాంట్లో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మనుషులకీ పక్షులకీ జరిగే తగాదాలను అధ్యయనం చేయడం నా ఉద్యోగం. వినడానికి పెద్దమనిషి తరహాగా ఉంటుంది కానీ, ఇందులో ఇద్దరూ ముందు కొట్టేది నన్నే. నా బొటనవేలి మీది గాటు చేపల చెరువు దగ్గర వలలో చిక్కుకున్న నీటికాకి పొడిచింది. మోచేతి మీది మచ్చ ఆ నీటికాకిని వదిలేశానని చెరువు కాపలావాడు కర్రతో కొట్టింది. నెత్తి మీద జుట్టు మొలవని గీత ఒకటుంది. దాని కథే ఇది.

కోనసీమలో ఒక కొబ్బరితోట. కాలవగట్టు నుంచి ఊళ్లోకి పోయే దారి ఆ తోటలోంచే. దారి మలుపులో అన్నిటికంటే పొడుగైన చెట్టు మొవ్వులో గరుడ పక్షుల జంట గూడు కట్టింది. తెల్లటి తల, ఇటికరంగు రెక్కలు. మామూలు గద్దను రాళ్లేసి తరిమేవాళ్లు కూడా గరుడ కనబడితే సైకిలు దిగి మరీ దణ్ణం పెడతారు. ఆ గూడు మీద పరిశోధనకే నేను ఆ ఊళ్లో మకాం వేశాను.

ఆ తోటలో దింపు తీసేవాడు, అంటే చెట్లెక్కి కాయలు కోసేవాడు, నలభై ఏళ్ల మనిషి. ఎప్పుడూ నారింజరంగు చొక్కా ఒకటే వేసుకుని ఎక్కేవాడు.

"గూట్లో పిల్లలున్నాయి. ఈ ఒక్క చెట్టూ వదిలెయ్యి" అన్నాను.

"ఒక్కటీ వదలొద్దన్నారండి బాబుగారు. అయినా గరుత్మంతుడు నన్నేం సేత్తాడండి? రోజూ దణ్ణం ఎడతన్నాను కదా" అన్నాడు. బాబుగారంటే తోట రైతు. ఊళ్లో ఆయన మాటకు తిరుగులేదు.

కాళ్లకు తాడు బందం వేసుకుని ఎక్కాడు. మట్టల కిందికి చేరాడో లేదో, తల్లి గరుడ ఎండలోంచి రాయిలా పడింది. రెండు కాళ్లూ ముందుకు చాచి మొహం మీద తన్నింది. కనుబొమ్మ నిలువునా చీలింది. రక్తం కంట్లోకి కారుతుంటే గుడ్డిగా చెట్టును కరుచుకుని ఉన్నాడు. అలాగే ఉండిపోయినా బాగుండేది. పక్షి చుట్టు తిరిగి మళ్లీ మీదికి వస్తుంటే ఈ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? పుట్టినప్పట్నుంచీ అలవాటైన పని. చెట్టు కొసన, రెండు చేతులూ వదిలేసి, జోడించి దణ్ణం పెట్టాడు.

కొబ్బరి చెట్టుకు భక్తితో పనిలేదు. పైనుంచి కిందిదాకా గుండెలతో రాసుకుంటూ జారాడు. నేలకు చేరేసరికి చొక్కా ముందుభాగమూ, దాని కింది చర్మమూ ముక్కలు ముక్కలుగా చెట్టుకే ఉండిపోయాయి. మాను పొడుగునా ఎర్రటి చార. నేను పరుగెత్తుకెళ్లి పట్టుకుంటే మూలుగుతూ అన్నాడు: "కత్తి ఎక్కడ పడిందో సూడండి సారూ, ఎవరి కాలన్నా తెగుద్ది."

గాయాలు ఎండాయి. వాళ్లావిడ ఆ చొక్కా ఉతికి, పోయిన ముందుభాగానికి అదే రంగు గుడ్డ అతుకేసి ఇచ్చింది. అది తొడుక్కుని పక్క తోటకు పనికి బయల్దేరినవాడు దారిలో టీ కొట్టు దగ్గర ఆగాడు. చుట్టూ బోలెడుమంది ఉన్నారు. గరుడ వచ్చి అంతమందిలో ఏరి అతన్నే తన్నింది. టీ గ్లాసు మొహం మీదే పగిలింది. ఆ మర్నాడు నెత్తిన స్టీలు గిన్నె బోర్లించుకుని వచ్చాడు. గిన్నె గుడిగంటలా మోగింది, సొట్ట పడింది, మెడ పట్టేసింది.

దెబ్బలకు అతను భయపడలేదు. ఊరు వేరే మాట మొదలుపెట్టింది.

"గరుత్మంతుడు ఊరికే తంతాడేంట్రా? ఆయన పట్టేది పాముల్ని కదా. ఈడి కడుపులో ఏ పాముందో!"

ఇక ఏ రైతూ అతన్ని పిలవలేదు. దేవుడే చెట్టు మీంచి తోసేసినవాణ్ణి మళ్లీ తమ చెట్టెక్కించడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? చెట్టెక్కడం తప్ప మరో పని రాని మనిషి అరుగు మీద కూర్చున్నాడు.

అప్పుడు వాళ్లావిడ లేచింది. పొడుగాటి గెడ కొసకు గుడ్డలు చుట్టి, కిరసనాయిలు పోసి, అంటించుకుని గూటి చెట్టు కిందికి వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను. ఆమె నా మోకాటి చిప్ప మీద కాలితో ఒక్కటి తన్నింది. కూలబడ్డాను కానీ గెడ వదల్లేదు. మండుతున్న గుడ్డ ముక్కలు మా ఇద్దరి మీదా రాలుతున్నాయి.

"దేవుడైతే కనుబొమ్మ పీకుతాడేంటి సారూ? మీకు పచ్చుల వల్ల జీతం వత్తంది. మాకేం వత్తంది?"

"పక్షి పాపం చూసి కొట్టదమ్మా, చొక్కా చూసి కొడుతోంది. రేపు ఊరందరి ముందూ రుజువు చేస్తాను!"

ఆమె గెడ కాలవలో ముంచింది. "సెయ్యకపోతే గూటితోపాటు మిమ్మల్నీ తగలెడతాను, ఆయ్."

మర్నాడు పొద్దున్నే జనం పోగయ్యారు. బాబుగారికి కుర్చీ వేశారు. నేను ఆ నారింజ చొక్కా తొడుక్కుని చెట్టు కిందికి నడిచాను. రెక్కల చప్పుడు వినబడలేదు. నెత్తి మీద కొడవలి దిగినట్టయింది, అంతే. గోరు ఎముకను గీరిన శబ్దం నా పుర్రె లోపల్నుంచి విన్నాను. రక్తం చెవుల వెంట కారుతుంటే గెలిచినవాడిలా జనం వైపు తిరిగి చేతులు ఎత్తాను.

"చూశారా? నన్నూ కొట్టింది!"

ముందు వరసలో ముసలాయన నిదానంగా తలాడించాడు. "అయితే సారు కూడా ఏదో సేసే ఉంటారు."

"మొగం సూత్తేనే తెలత్తంది కదండీ" అన్నాడు ఇంకొకడు.

అందరూ ఒప్పుకున్నారు. అప్పుడు దింపువాడి పెళ్లాం వచ్చి, గుండీలు తెంపి, ఆ చొక్కా నా ఒంటి మీంచి ఊడబెరికి, రక్తం ఓడుతున్నదాన్ని తీసుకెళ్లి బాబుగారి ఒళ్లో పడేసింది.

"మీరు ఏసుకోండి బాబుగారూ. మీరే పాపం ఎరగరు కదండీ. మిమ్మల్ని ముట్టుకోదు."

బాబుగారు చొక్కా చేతిలోకి తీసుకున్నారు. వేసుకోనంటే పాపాత్ముడు, వేసుకుంటే నెత్తి పగులుతుంది. ఆయన లేచి, తెల్ల లాల్చీ మీదే దాన్ని తొడుక్కుని, చెట్టు కిందికి వెళ్లారు.

ఈసారి జంట రెండూ కలిసి వచ్చాయి. ఒకటి బట్టతల మీద రెండు పాదాలూ దించి, గోళ్లు బిగించి, రెక్కలు కొడుతూ లాగింది. ఆయన బోర్లా పడ్డారు. రెండోది చెవి తమ్మె పట్టుకుని పీకితే అది ఊడి వచ్చింది. ఆయన బురదలో దొర్లుతూ తల్లీ తండ్రీ అని కేకలు పెడుతుంటే, చివరికి ఆ గెడతోనే వాటిని తరిమింది దింపువాడి పెళ్లాం. లేచి నిలబడ్డ బాబుగారి మొహంలో కళ్లు తప్ప అంతా రక్తమే.

"రంగేరా!" అని ఊరు అదిరేలా అరిచారు. "రంగు చూసే తంతోంది! ఈడిలో ఏ పాపమూ లేదు!"

ఆయన్ని పాపాత్ముడనే నోరు ఆ ఊళ్లో లేదు. ఆ మధ్యాహ్నమే తెల్ల బనీనుతో దింపువాడు మళ్లీ చెట్టెక్కాడు.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. చొక్కా బాబుగారి చేతిలోకి వెళ్లేవరకూ జరిగింది జరిగినట్టే రాశాను. ఆ తర్వాతది నా కల్పన. నిజానికి ఆయన ఆ చొక్కాను కాసేపు చూశారు. చక్కగా మడతపెట్టి కుర్చీ చేతి మీద ఉంచారు. "పనులున్నాయమ్మా" అని ఇంటికి వెళ్లిపోయారు. ఆయన వెనకే జనమూ వెళ్లిపోయారు. ఎవరూ ఆయన్ని పాపాత్ముడనలేదు. దింపువాణ్ణి అనడం మానలేదు. గరుడ పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. ఆ తోటకు ఎక్కడినుంచో కొత్తవాళ్లు దింపుకు వచ్చారు.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఇప్పుడు కాకినాడ ఫిషింగ్ హార్బర్‌లో ఉన్నారు. అతను ఐసు దిమ్మలు కొడతాడు, ఆమె చేపలు ఏరుతుంది. ఆమధ్య వెళ్లినప్పుడు మా నెత్తిన గద్దలు తిరుగుతున్నాయి. వాటిలో ఒక గరుడ కిందికి వాలింది. అతను ఐసు కొట్టే ఇనపకడ్డీ వదలకుండా తల మాత్రం వంచాడు. తర్వాత పక్కనున్న వాళ్లను పిలిచి నావైపు తిరిగాడు.

"ఆ బాబుగారు సొక్కా ఏసుకున్న ముక్క సెప్పండి సారూ, మావోళ్లకి."

చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఆ చొక్కా తొడుగుతూనే ఉన్నాను. కాకపోతే, కోతలన్నీ నావే అనుకుంటారేమో, అదీ నిజం కాదు. మొదట్లో నా కథలో చెవి తమ్మె లేదు, అతను కలిపాడు. రెండో గరుడను తెచ్చింది వాళ్లావిడ.