తలకట్టు కింద సందు

కర్నూలులో కూర్చుని తెలుగు ఫాంట్లు గీయడం నా పని. పెళ్లిచూపుల్లో ఈ ముక్క చెప్తే, అది సరే, ఇంకేం చేస్తావని అడిగారు.

డోన్ స్టేషన్ దగ్గర పాత పేపర్ల కొట్టులో ఒకసారి పాత మాసపత్రికల కట్ట దొరికింది. అందులోని శీర్షికలు నన్ను కదలనివ్వలేదు. సోకులు లేని నల్లటి బండ అక్షరాలు, సగం పేజీ ఖాళీగా వదిలేసి ఒక మూల నిలబడ్డాయి. ఏ అక్షరానికీ తలకట్టు అంటుకోలేదు. మధ్యలో సన్నటి సందు. ఆ సందు మీద పెద్ద వ్యాసం రాశాను. అది అక్షరం తీసుకునే ఊపిరి అన్నాను. మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఆ సందుతోనే ఫాంటు మొత్తం గీశాను. దానికి ఆ పత్రిక ఆర్ట్ డైరెక్టర్ పేరే పెట్టాలని నా పట్టుదల. పత్రికలో ఊరూరి ఏజెంట్ల పేర్లు కూడా వేశారు గాని ఆయన పేరు ఎక్కడా వేయలేదు. అది చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. ఆ ఏజెంట్లలో ఒకాయన్ని పట్టుకుంటే ఆయన పేరూ, కమలాపురంలో ఉన్నాడనీ తెలిసింది. ఒప్పించడానికి వెళ్లాను.

లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. నేను ఊపిరి సంగతి వివరించాను. ఓపిగ్గా విన్నాడు.

“ఊపిరి కాదప్పా, బొద్దింకలు.”

నల్ల కాగితం కత్తిరించి మైదా బంకతో అంటించేవాడట. తెల్లారేసరికి బంక కోసం బొద్దింకలు కాగితాన్నీ కొరికేవట. సందు ఉంటే పక్క ముక్క చిరగకుండా, కొరికిన ముక్క ఒక్కటే ఊడదీసి మార్చుకోవచ్చు. నా వ్యాసం ఎవరికి అంకితమివ్వాలో అప్పుడు తెలిసింది.

పేరు మాటెత్తితే చెయ్యి అడ్డంగా ఊపాడు. “అచ్చేసినప్పుడు ఎవురూ అడగలే. ఇప్పుడేం పనుండాది నా పేరుతో?” నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

వాదించడం చేతగాక ఆయన పేరును అదే ఫాంటులో తెర నిండా కొట్టి పెట్టాను. టీ గ్లాసులు తెచ్చి ఇచ్చిన ఆయన భార్య అది చూసి ఆగింది. ఆదివారం చర్చిలో బైబిలు చదివేది ఆమేనట. కళ్లద్దాలు సర్దుకుని పేరు పైకి చదివింది. అక్షరాలు ఎవరివని అడిగింది. ఆయనవేనమ్మా అన్నాను. పత్రికాఫీసులో కాగితాలు అంటించేవాడని మాత్రమే ఆమెకు తెలుసు. అంతకుమించి ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నాడు. వద్దన్నాడు కదా అని నేను పేరు చెరిపేయబోయాను.

“తీయొద్దు నాయనా,” అంది. “నేనింకా సూస్తాండా.”