తప్పితే నా దగ్గరికే రా

నాచారంలో మా ఆఫీసు పక్కన అపార్ట్‌మెంటు లేస్తోంది. పొద్దున్నుంచి టైల్స్ కోసే మిషను కీచుమంటూనే ఉంది. ఆ మోత వినిపిస్తే చాలు, నాకు రూత్ మేడం గుర్తొస్తారు, వెంటనే బుర్ర తిరగడం మొదలవుతుంది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆ తిరుగుడు మాత్రం ఆగలేదు.

ఇళ్లు కట్టే పనుల్లో రాబోయే రోజుల్లో ఏ పనివాళ్లు ఎంతమంది కావాలో అంచనా కట్టి శిక్షణ కేంద్రాలకు చెప్పడం మా పని. నేను రైల్వే ఉద్యోగి కొడుకుని, లెక్కలు చదువుకుని అప్పట్లో కొత్తగా చేరాను. ఆవిడ జనగామ వైపు పల్లె నుంచి వచ్చి ఆ ఆఫీసుకు పెద్దయిన మనిషి. టైల్స్ వేసేవాళ్లకు కొరత రాబోతోందన్నది నేను కట్టిన మొదటి అంచనా. గొప్పగా తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. మేడం కళ్లజోడు సవరించుకుని చదివారు.

“గిది జూసి అందరు టైల్స్ పనే నేర్సుకుంటే, గప్పుడు కొరత యాడుంటది తమ్మీ?”

“అయితే పంపొద్దా మేడం?”

“పంపకపోతే కొరత ఉంటది గదా. పంపు.”

పంపాను. ఏం అర్థమై పంపానో ఇప్పటికీ చెప్పలేను.

కొన్నాళ్లకు దమ్మాయిగూడ నుంచి యాదగిరి వచ్చాడు. స్లాబు కింద చెక్కలు బిగించే సెంట్రింగ్ పని మానేసి, మా మాట మీద టైల్స్ నేర్చుకున్నవాడు. కూలీలు పని కోసం నిలబడే ఉప్పల్ అడ్డా మీద ఎటు చూసినా టైల్స్ వాళ్లేనట. “మీరు జెప్పిన్రనే నేర్సుకున్న మేడం. పని దొరుకుతలేదు,” అన్నాడు. కోపంగా కూడా కాదు, దారి అడిగినట్టు అన్నాడు.

“తప్పు మాదే అన్నా. కూసో,” అన్నారు మేడం. తెలిసిన మేస్త్రీలందరికీ ఫోన్లు చేసి అతన్ని మళ్లీ సెంట్రింగ్‌లోనే పెట్టించారు. అందరూ టైల్స్ వైపు పోవడంతో అక్కడ మనుషులు కరువయ్యారు మరి. పంపేటప్పుడు ఎప్పుడూ అందరితో అనే మాటే అతనితోనూ అన్నారు. “ఇది గూడ తప్పితే నా దగ్గరికే రా.”

నాకు ఒళ్లు మండింది. అతను వెళ్లాక అడిగేశాను. “మన లెక్క తప్పు కాదు కదా మేడం. అందరూ నమ్మబట్టే తారుమారైంది.”

“అంటే నమ్మినోల్లది తప్పంటవా?”

తప్పు మాదే అంటూ జనానికి మన మీద ఉన్న కాస్త నమ్మకం కూడా ఇలా పోగొడతారేమిటి ఈవిడ అని లోపల్లోపల విసుక్కునేవాణ్ణి. వచ్చేవాళ్లు మాత్రం వస్తూనే ఉండేవారు. ఏ ఒక్కరికీ ఆవిడ లేనని చెప్పించలేదు. ఆవిడంటే నాకెంత ఇష్టమో అప్పుడు తెలియలేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. ఇవాళ యాదగిరి కూతురు సునీత వచ్చింది. ఫ్యాక్టరీలో చేసి తెచ్చిన గోడలను క్రేనుతో నిలబెట్టే పని నేర్చుకోవాలా, కరెంటు పని నేర్చుకోవాలా అని అడిగింది. సాయంత్రంలోగా ఏదో ఒకదానిలో చేరాలి. తప్పితే ఇంకోసారి చేరే స్తోమత ఆ ఇంటికి లేదు. లెక్కలు ఒకటి చెబుతున్నాయి. అదే నేను పైకి చెబితే ఏమవుతుందో లెక్కలకు తెలియదు, నాకూ తెలియదు.

“కరెంటు పని,” అన్నాను.

“పక్కానా సార్?”

తెలీదమ్మా అనబోయాను. “తప్పితే నా దగ్గరికే రా,” అని వచ్చింది నోటి నుంచి.

ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుంటూ నవ్వింది. “మా నాయిన గట్లనే జెప్పిండు సార్. ఆల్లు తప్పు జెప్తరు గని దాక్కోరు, పోయి అడుగు అన్నడు.”

అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఎంత ఆలోచించినా తేలడం లేదు. టైల్స్ మిషను మోత భరించలేక పొద్దున మూసుకున్న తలుపును, ఆ పిల్ల వెళ్లాక లేచి బార్లా తీసి పెట్టాను.